యూనిఫాం విప్పాక ‘నిద్ర పడుతోందా?’ అని అడిగేదెవరు?

బ్రాక్‌నెల్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ ఊరంటే ఆఫీసులు, లెక్సికన్ షాపింగ్ సెంటరు, వాటర్లూకి గంట రైలు ప్రయాణం. ఇది సైన్యం పక్కన పెరిగిన ఊరని పెద్దగా గుర్తుండదు. బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్లు శిక్షణ పొందే రాయల్ మిలిటరీ అకాడమీకి పేరిచ్చిన శాండ్‌హర్స్ట్ పట్టణం మన బరోలోదే. ఇక్కడే రాయల్ ఎయిర్ ఫోర్స్ స్టాఫ్ కాలేజీ కూడా ఉండేది. 1997లో అది మూతపడ్డాక ఆ స్థలంలో ఇళ్లు లేచాయి, ఇప్పుడు ఆ వీధుల్లో మన పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు.

బ్రాక్‌నెల్‌కీ శాండ్‌హర్స్ట్‌కీ మధ్య క్రోథోర్న్ అనే పల్లెలో బ్రాడ్‌మూర్ ఆసుపత్రి ఉంది. 1863 నుంచీ నడుస్తున్న మానసిక వైద్యాలయం. కొన్నేళ్ల క్రితం దాకా ప్రతి సోమవారం పొద్దున పదింటికి దాని సైరన్ పరీక్షించేవారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకి పాతకాపులు ‘అదిగో, ఇక్కడి ఎర్రగడ్డ’ అని చూపించేవారు. నవ్వులాటకే అనుకోండి. కానీ మానసిక వైద్యం అనగానే మన నోటికి ఎర్రగడ్డో, వాల్తేరో వస్తుంది తప్ప డాక్టరుగారి గది, కుర్చీ, మాట రావు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న దానికి ఆ అలవాటే పెద్ద అడ్డంకి.

మాజీ సైనికులకు మానసిక వైద్యాన్ని విస్తరించామని ప్రభుత్వాలు చెప్పినప్పుడు బడ్జెట్టు, కేంద్రాల సంఖ్య, కొత్త హెల్ప్‌లైన్ నంబరు వినిపిస్తాయి. నా లెక్క వేరు. ఒక మనిషి యూనిఫాం విప్పిన రోజుకీ, అతన్ని ఎవరో ఒకరు ‘నిద్ర పడుతోందా?’ అని అడిగిన రోజుకీ మధ్య ఎన్నేళ్లు గడిచాయి? ఆ ఏళ్లు తగ్గితే విస్తరణ జరిగినట్టు. తగ్గకపోతే బోర్డులు మారినట్టు, అంతే. ఈ లెక్కన బ్రిటన్ కొంత నేర్చుకుంది. మన దేశం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టింది, కానీ అందరికంటే ముందు పట్టించుకోవాల్సిన కుర్రాళ్లనే బయట వదిలేస్తోంది.

ముందు ఇక్కడి సంగతి. బ్రిటన్‌కు ఈ తెలివి ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ, పిరికితనం చూపారనీ సొంత సైనికులనే కాల్చి చంపిన సైన్యం ఇది. వాళ్లలో ఎందరు మనసు దెబ్బతిని అలా అయ్యారో అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి 306 మందికి 2006లో గానీ క్షమాభిక్ష దక్కలేదు. రెండో యుద్ధంలో విమానం ఎక్కలేనన్నవాడి ఫైలు మీద ‘నైతిక స్థైర్యం లేదు’ అని ముద్ర వేసేవారు. ఇంకోపక్క, 1919లోనే పుట్టిన కంబాట్ స్ట్రెస్ అనే స్వచ్ఛంద సంస్థ వందేళ్లుగా ఇలాంటి మాజీ సైనికులకు వైద్యం అందిస్తోంది. సైన్యం వదిలాక తమ దగ్గరకు రావడానికి మాజీ సైనికులకు సగటున పదేళ్లకు పైనే పట్టిందని ఆ సంస్థే చెబుతూ వచ్చింది. ఆ పదేళ్లలో పెళ్లిళ్లు విరిగిపోతాయి, ఉద్యోగాలు పోతాయి, తండ్రి గొంతు పెరిగితే ఏ గదిలో దాక్కోవాలో పిల్లలు నేర్చుకుంటారు.

ఎన్‌హెచ్‌ఎస్ 2017 నుంచి మాజీ సైనికుల కోసం ఒక్కొక్కటిగా సేవలు పెట్టింది. మొదట తొలి అంచనాకి, తర్వాత క్లిష్టమైన సమస్యల చికిత్సకి, ఆ తర్వాత ప్రాణం మీదికి వచ్చినవారికి. 2021 మార్చిలో మూడింటినీ ‘ఆప్ కరేజ్’ అన్న ఒకే పేరు కిందికి తెచ్చింది. పేరు మార్పే కదా అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు మాత్రం దీని విలువ తెలుస్తుంది. మూడు లాగిన్‌లు ఉన్నచోట ఒకటి చేస్తే సగం మంది మధ్యలో వదిలేయకుండా లోపలికి వస్తారు. ఇక్కడ జీపీ రాయాల్సిన పని కూడా లేదు. మనిషి తనే ఫోన్ చేయొచ్చు, భార్య చేయొచ్చు, స్వచ్ఛంద సంస్థ పంపొచ్చు. సైన్యంలో ఒక్క రోజు పనిచేసినా బ్రిటన్ లెక్కలో మాజీ సైనికుడే.

ఇంకో చిన్న మార్పు నాకు ఇంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ‘మీరు సైన్యంలో పనిచేశారా?’ అని అడగడం. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో మొదటిసారి ఈ ప్రశ్న వేశారు. 18.5 లక్షల మంది అవునన్నారు. మాజీ సైనికులను గుర్తించి వాళ్ల అవసరాలు తెలుసుకునే జీపీ సర్జరీలకు ప్రత్యేక గుర్తింపు ఇవ్వడం 2018 నుంచి మొదలైంది. డేటాబేసులో గడి లేకపోతే సిస్టమ్ దృష్టిలో ఆ మనిషే లేడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను నమ్మే కొద్ది సత్యాల్లో ఇదొకటి.

మా టీమ్‌లో రిలీజ్‌లు చూసే సహోద్యోగి ఒకాయన అఫ్గానిస్థాన్‌లోని హెల్మండ్‌లో రెండు విడతలు పనిచేసి వచ్చారు. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. ఆయన నడుంనొప్పికి జీపీ దగ్గరకు వెళ్లారు. అక్కడి నర్సు కంప్యూటర్‌లో వివరాలు నింపుతూ సైన్యంలో పనిచేశారా అని అడిగింది. అవునన్నారు. నిద్ర ఎలా ఉందని అడిగింది. ‘నా పెళ్లయ్యాక నా భార్య తప్ప ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె’ అన్నారాయన నాతో. అక్కడి నుంచి అంచనా, తర్వాత వారం వారం చికిత్స, దానితోపాటు తాగుడు తగ్గించుకోవడానికి సాయం. మొదటి రెండు అపాయింట్‌మెంట్లు ఎగ్గొడితే మూడోదానికి భార్యే కారులో తీసుకెళ్లి దింపిందట.

ఇప్పుడాయనకు యుద్ధం పూర్తిగా పోయిందా అంటే, లేదు. మీటింగ్ రూములో తలుపుకి వీపు పెట్టి కూర్చోగలుగుతున్నారు. అదీ ఆయన చెప్పిన మార్పు. విన్నప్పుడు ఇంతేనా అనిపించింది. అయిదేళ్లు ఒకే టీమ్‌లో ఉండి, ఆయన ఎప్పుడూ గోడకు ఆనుకునే కుర్చీ ఎందుకు వెతుక్కునేవారో అప్పుడు అర్థమైంది. (అర్ధరాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే మా అందరిలో చెయ్యి వణకనిది మాత్రం ఆయనదే.)

చికిత్స గురించి గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు. అమెరికాలో సైనికులకూ మాజీ సైనికులకూ ఇచ్చిన ప్రధాన చికిత్సలను సమీక్షిస్తూ 2015లో జామా వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. చాలామందికి లక్షణాలు తగ్గాయి, కానీ చికిత్స ముగిశాక కూడా సుమారు మూడింట రెండొంతుల మందిలో పీటీఎస్‌డీ నిర్ధారణ అలాగే ఉందని అది తేల్చింది. అంటే ఇది అపెండిసైటిస్ ఆపరేషన్ లాంటిది కాదు. షుగరు లాంటిది. అదుపులో పెట్టుకుని బతకాలి, దానికి మనిషి తోడు కావాలి.

ఇంకో దురభిప్రాయం కూడా తొలగాలి. మాజీ సైనికుడంటే పీటీఎస్‌డీ అనుకోవడం. లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల తరం సైనికులు, మాజీ సైనికుల్లో పీటీఎస్‌డీ లక్షణాలు 6 శాతం మందిలో కనిపించాయి. ముందు వరసలో పోరాడి, తర్వాత సైన్యం వదిలినవారిలో అది 17 శాతం. కుంగుబాటు, ఆందోళన వంటి మామూలు సమస్యలు 22 శాతం మందిలో, హద్దు మీరిన తాగుడు 10 శాతం మందిలో. ఎక్కువమంది బాగానే ఉన్నారన్నమాట. బాగోలేనివాళ్లలోనూ ఎక్కువమంది బాధ సినిమాల్లో చూపించే బాంబుల కలలు కాదు. తాగుడు, ముభావం, చిరాకు. విస్తరణ అంటే వీటికి చోటివ్వాలి. ‘మాజీ సైనికులందరూ పగిలిన మనుషులే’ అన్న ముద్ర పడితే ఉద్యోగం ఇచ్చేవాడు జంకుతాడు, అప్పుడు వైద్యం ఇచ్చి ఏం లాభం?

ఇక మన ఇళ్లకు వద్దాం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారని చాలామందికి తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లిన ఊరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ, శ్రీకాకుళంలోనూ, ప్రకాశంలోనూ అలాంటి ఇళ్లు బోలెడు. ఆ ఇళ్ల పిల్లలం కొందరం ఈ రోజు ఇక్కడ కోడ్ రాసుకుంటున్నాం.

మా మేనమామ మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారు. 1987లో శ్రీలంక వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళంలో ఆయనా ఉన్నారు. మూడేళ్లలోపే మన సైనికులు పదకొండు వందల మందికి పైగా చనిపోయిన యుద్ధం అది. తిరిగొచ్చాక ఆయన లోపలి గదిలో పడుకోవడం మేం ఎవరం చూడలేదు. వానాకాలంలో కూడా అరుగు మీదే నులక మంచం. దీపావళి పొద్దున్నే సైకిలేసుకుని కాలవ గట్టున ఎటో వెళ్లిపోయి, ఊళ్లో మోత ఆగాక అర్ధరాత్రి వచ్చేవారు. ఎవరైనా అడిగితే మా అమ్మమ్మది ఒకటే మాట: ‘మిలిటరీ మనిషి కదరా, అంతే’. ఆ ‘అంతే’ ముప్పై ఏళ్లు నడిచింది. నెలనెలా క్యాంటీన్ నుంచి తెచ్చే కోటా సీసాలు మాత్రం అత్తయ్య లెక్కపెడుతూ ఉండేది.

మావయ్య తన బాధ ఎవరికీ చెప్పకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. సైన్యంలో ప్రతి జవానుకూ ‘షేప్’ అని వైద్య వర్గీకరణ ఉంటుంది. అందులో మొదటి అక్షరం ‘ఎస్’ మానసిక స్థితికి. ఆ ఎస్ పక్కన అంకె మారితే లో మెడికల్ కేటగిరీ. ఆయుధం చేతికివ్వాలా వద్దా, ప్రమోషన్ వస్తుందా రాదా అన్నీ దాని మీదే. ఇరవై ఏళ్లు ఆ ఎస్‌ని కాపాడుకోవడం నేర్చుకున్న మనిషి, రిటైరైన మర్నాడు డాక్టరు ముందు మనసు విప్పుతాడని ఎలా అనుకుంటాం?

రెండేళ్ల కిందట బీపీ మాత్రల కోసం వెళ్లినప్పుడు పాలీక్లినిక్‌లో కొత్తగా వచ్చిన మెడికల్ ఆఫీసరమ్మ తెలుగులోనే అడిగిందట, ‘బాబాయ్, రాత్రుళ్లు నిద్ర పడుతోందా?’ అని. అత్తయ్య పక్కనే ఉంది కాబట్టి ఆయన అబద్ధం చెప్పలేకపోయారు. ఆమె రిఫరల్ రాసింది. మానసిక వైద్యుడు మాత్రలిచ్చారు, నెలకోసారి కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. ఇప్పుడు నాలుగైదు గంటలు నిద్రపోతున్నారు, కోటా సీసాలు సగానికి తగ్గాయి. దీపావళికి కాలవ గట్టుకి మాత్రం ఇప్పటికీ వెళ్తున్నారు. ఇప్పుడు అత్తయ్య కూడా వెళ్తోంది.

కొత్త భవనం కట్టకుండా, ఆయన ఎలాగూ వెళ్లే చోటే ఒక ప్రశ్న పెడితే వచ్చిన ఫలితం ఇది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్‌లో మొదలైంది. సికింద్రాబాద్, విశాఖ, గుంటూరు అంటూ దాని పాలీక్లినిక్‌లు మన రాష్ట్రాల్లో పలుచోట్ల ఉన్నాయి. ఇంగ్లండ్ జీపీ దగ్గర లేని సౌలభ్యం అక్కడ ఉంది. లోపలికి వచ్చే ప్రతివాడూ మాజీ సైనికుడో, అతని కుటుంబమో అని ముందే తెలుసు! అయినా ఆ ప్రశ్న అడగడం ఆ రోజు ఆ గదిలో ఎవరు కూర్చున్నారన్న అదృష్టం మీద ఆధారపడి ఉంది. ఆ అదృష్టాన్ని నియమంగా మార్చాలంటాను. బీపీ చూసినట్టే నిద్ర, తాగుడు, కోపం గురించి ఏడాదికోసారి అడగాలి. అడిగేవాళ్లు తెలుగులో అడగాలి. హిందీలో ‘సబ్ ఠీక్ హై?’ అంటే మన జవాను నిటారుగా నిలబడి ‘ఠీక్ హై సాబ్’ అంటాడు. ఆ జవాబు అతనికి కంఠతా వచ్చు.

ఫోన్ సేవల్ని తక్కువ చేయడం లేదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ ప్రత్యేకంగా టెలీ మానస్ విభాగం తెరిచారు. మంచి పనే. స్మార్ట్‌ఫోన్‌తో పెరిగిన పాతికేళ్ల సైనికుడికి అది పనికొస్తుంది. డెబ్భై ఏళ్ల మా మావయ్య ముక్కూ మొహం తెలియని గొంతుకి జాఫ్నా గురించి చెబుతారా? చెప్పరు.

ఆ పాతికేళ్లవాళ్ల గురించే నా అసలు దిగులు. బ్రిటన్‌లో 1996 నుంచి 2018 మధ్య సైన్యం వదిలినవారి మీద మాంచెస్టర్ విశ్వవిద్యాలయం చేసిన పరిశోధన 2023లో వచ్చింది. మొత్తం మీద మాజీ సైనికుల ఆత్మహత్యల రేటు మామూలు జనంతో సమానంగానే ఉంది. కానీ 25 ఏళ్లలోపే సైన్యం వదిలిన కుర్రాళ్లలో అది అదే వయసు సాధారణ యువకులతో పోలిస్తే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. కారణాలు చాలా ఉండొచ్చు. చిన్నప్పటి ఇబ్బందులతోనే సైన్యానికి వచ్చినవాళ్లు, శిక్షణ మధ్యలో ఆగిపోయినవాళ్లు అందులో ఉంటారు. కారణం ఏదైనా, ముందుగా ఎవరి తలుపు తట్టాలో ఆ అంకె చెబుతోంది.

ఇప్పుడు మన అగ్నిపథ్‌ను దీని పక్కన పెట్టి చూడండి. 2022లో పథకం ప్రకటించినప్పుడు జూన్ 17న సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో ఏం జరిగిందో మనమంతా ఇక్కడ ఫోన్లలో చూశాం. నిరసనకు వెళ్లిన వరంగల్ ప్రాంతపు యువకుడు కాల్పుల్లో చనిపోయాడు. పథకం మాత్రం ఆగలేదు. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల మధ్య చేరినవారు నాలుగేళ్లు పనిచేస్తారు, ఆ తర్వాత నాలుగో వంతు మందిని మాత్రమే ఉంచుకుంటారు. మిగిలినవాళ్లు సేవా నిధి డబ్బు తీసుకుని ఇంటికి. పింఛను లేదు. మాజీ సైనికుడన్న హోదా లేదు. ఈసీహెచ్‌ఎస్ లేదు. అంటే మా మావయ్యను ఆ డాక్టరమ్మ అడిగిన గదిలోకి వీళ్లకు ప్రవేశమే లేదు.

వీళ్లు పోరాటం చూడరని ఎవరూ అనకండి. 2025 మేలో పాకిస్థాన్ కాల్పుల్లో జమ్మూ కశ్మీర్‌లో అమరుడైన మురళీ నాయక్ అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు. ఆయన భౌతికకాయం ఊరికి చేరినప్పుడు రాష్ట్రమంతా కన్నీరు పెట్టింది. సరిహద్దులో అలాంటి గుండ్ల వాన కింద పనిచేసి బతికొచ్చిన అగ్నివీరులు ఉంటారు కదా. మొదటి విడతగా చేరినవాళ్ల నాలుగేళ్లు 2026 చివర్లో, 2027 మొదట్లో పూర్తవుతాయి. వాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఊరికి వస్తారు. పెళ్లి సంబంధాలు, పోలీసు ఉద్యోగం పరీక్ష, ఊళ్లో ‘ఏరా, ఉంచుకోలేదా నిన్ను?’ అన్న ఎత్తిపొడుపు. బ్రిటన్ లెక్కలు ఎవరి గురించి భయపడమన్నాయో సరిగ్గా ఆ వయసు, ఆ పరిస్థితి.

అగ్నిపథ్ మంచిదా చెడ్డదా అన్న వాదన నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. ఖర్చు తగ్గాలి, సైన్యం యువకులతో ఉండాలన్న వాదనలో బలం ఉంది. పింఛను ఇవ్వమని కూడా అనడం లేదు. సైన్యం వదిలాక కనీసం అయిదేళ్లు మానసిక ఆరోగ్యం వరకు ఈసీహెచ్‌ఎస్ తలుపు తెరిచి ఉంచమంటున్నాను. ఒక్క రోజు పనిచేసినా మావాడే అని బ్రిటన్ అంటుంటే, నాలుగేళ్లు సరిహద్దులో నిలబెట్టి కాదనడం ఏం న్యాయం? మన రెండు రాష్ట్రాలకూ సైనిక సంక్షేమ శాఖలున్నాయి, వాటికి జిల్లా కార్యాలయాలున్నాయి. కేంద్రం కదలకపోయినా, తిరిగొచ్చిన ప్రతి అగ్నివీరుడి పేరూ అక్కడ నమోదు చేసి, ఆరు నెలలకోసారి ఎవరైనా ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు రాష్ట్రాలు చేయొచ్చు. దానికి కావాల్సింది ఒక జాబితా, ఓపికగా మాట్లాడే నలుగురు మనుషులు.

దూరాన ఉన్న మనం ఏం చేయగలం అంటారా? మొదటిది ఫోన్‌లోనే ఉంది. వారం వారం నాన్నతో మాట్లాడేటప్పుడు బీపీ, షుగరు, పింఛను పడిందా అని అడుగుతాం. నిద్ర సంగతి కూడా అడగండి. ‘డిప్రెషనా నాన్నా?’ అంటే ఫోన్ అమ్మకిచ్చేస్తారు. ఒళ్లునొప్పులు, గ్యాసు, తిండి సయించకపోవడం అన్న మాటల్లోనే మన పెద్దవాళ్ల మనసు బాధ బయటికొస్తుంది. అమ్మని విడిగా అడగండి, ఆవిడకి అన్నీ తెలుసు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఎలాగూ బయల్దేరతారు. ఆ నెలలోనే పాలీక్లినిక్‌కి కూడా ఒకసారి తీసుకెళ్లమని ఊళ్లో ఉన్న తమ్ముడికో చెల్లెలికో చెప్పండి.

విజిటర్ వీసా మీద ఇక్కడికి వచ్చే తల్లిదండ్రులకు ఆప్ కరేజ్ వర్తించదు. అది బ్రిటిష్ సైన్యంలో చేసినవారికే. వాడుతున్న మందులు నెలలకు సరిపడా తెచ్చుకోవాలి, నవంబరు 5 ముందే చెప్పి ఉంచాలి. ఆ రాత్రి మన వీధుల్లో బాణసంచా ఎలా మోగుతుందో మనకు అలవాటే, వాళ్లకు కాదు. ఇక మీ ఆఫీసులోనో, పక్కింట్లోనో బ్రిటిష్ మాజీ సైనికులుంటే, జీపీ దగ్గర ఆ విషయం నమోదు చేయించుకున్నారా అని అడగడం తప్పేం కాదు. అత్యవసరమైతే 111కి ఫోన్ చేసి మానసిక ఆరోగ్యం ఆప్షన్ నొక్కొచ్చు. సమారిటన్స్ 116 123 రాత్రీ పగలూ పలుకుతుంది. ఇవి మనకూ పనికొస్తాయి.

బ్రాక్‌నెల్, చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లం కొందరం ఒక జాబితా మొదలుపెట్టాం. పేర్లు అక్కర్లేదు. ఏ జిల్లా, ఏ పాలీక్లినిక్, రిటైరయ్యారా, అగ్నివీరుడా, అంతవరకే. ఇప్పటికి పద్నాలుగు కుటుంబాలు చెప్పాయి, అందులో ముగ్గురు అగ్నివీరులు. దాన్ని జతచేసి రెండు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలకూ తెలుగులో ఉత్తరం రాస్తున్నాం. పాలీక్లినిక్‌లో తెలుగు మాట్లాడే కౌన్సెలర్, తిరిగొచ్చే అగ్నివీరుల నమోదు, ఈ రెండే అడుగుతున్నాం. మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో అలాంటివారుంటే దీపావళి లోపు మీ సంఘం ద్వారా మాకు తెలియజేయండి.